శేషాచలం మసకబారిన రోజున గాలిలో ఎంత ధూళి ఉందో మేడ మీది నుంచే కొలవడం ఎలా?

తిరుపతిలో మేడ ఎక్కి ఉత్తరం వైపు తిరిగితే శేషాచలం కొండలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. నవంబరులో వాన వెలిసిన మర్నాడు చూస్తే ఆ రాతి పొరలు, పగుళ్లు, వాటి మధ్య మొలిచిన చెట్లు విడివిడిగా కనిపిస్తాయి. ఘాట్ రోడ్డు మలుపులో ఎండ పడి మెరిసే బస్సు అద్దం కూడా తెలుస్తుంది. అదే కొండ ఫిబ్రవరి, మార్చి నెలల్లో బూడిదరంగు అట్ట కత్తిరించి నిలబెట్టినట్టు ఉంటుంది. అడిగితే చాలామంది ‘మంచు’ అంటారు. మధ్యాహ్నం రెండు గంటలకు, ముప్పై అయిదు డిగ్రీల ఎండలో మంచేమిటి?

అది ఏరోసోల్ మసక. గాలిలో తేలే ధూళి, పొగ, మసి, సముద్రపు ఉప్పు, వాయువులు రసాయనికంగా మారి ఏర్పడిన సల్ఫేటు రేణువులు అన్నీ కలిపి ఏరోసోల్‌లు. ఆ మసకకు ఒక అంకె వేయడం ఇంట్లోనే సాధ్యం. మల్టీమీటరు ఉంటే మిగతా సామానుకు కొన్ని వందల రూపాయలు చాలు. డబ్బుకన్నా ఓపిక ఎక్కువ కావాలి. ఎక్కడ ఎక్కువ కావాలో దారిలో చెబుతాను.

మనం రాబట్టబోయే అంకె పేరు ఏరోసోల్ ఆప్టికల్ డెప్త్, పొట్టిగా ఏఓడీ. సూర్యుడి నుంచి నేరుగా వచ్చే కిరణంలో ఎంత భాగాన్ని ఈ రేణువులు దారి మళ్లించాయో, ఎంత మింగేశాయో అది చెబుతుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు ఏఓడీ 0.1 అయితే నేరు కిరణంలో 90 శాతం రేణువులను దాటుకుని కిందికి వస్తుంది. 0.4 అయితే 67 శాతం, 1 అయితే 37 శాతం.

ముందు కంటితో

పనిముట్టు పట్టుకోకముందు వారం రోజులు ఉత్త కంటితో చూడండి. ఎంచుకున్న నాలుగైదు గుర్తులకు ఫోనులోని పటం మీద దూరం కొలిచి పెట్టుకోండి: దగ్గరి కొండ అంచు, దూరపు కొండ, ఒక సెల్ టవరు, ఒక గోపురం. రోజూ ఒకే వేళకు ఏది కనిపించింది, ఏది కనిపించలేదు అని రాయండి. నల్లటి గుర్తు పది కిలోమీటర్ల దగ్గర సరిగ్గా కనుమరుగవుతోందంటే, అక్కడి గాలి కిలోమీటరుకు సుమారు 0.39 చొప్పున కాంతిని తగ్గిస్తోందని లెక్క. 3.9ని చూపు ఆనే దూరంతో భాగిస్తే వచ్చేది అదే.

రెండో పరీక్ష: గోడ అంచు చాటున నిలబడి సూర్యబింబం పూర్తిగా మరుగయ్యేలా చూసుకుని, దాని చుట్టూ ఉన్న ఆకాశం రంగు గమనించండి. సూర్యుడి పక్కదాకా నీలమే ఉంటే గాలి శుభ్రం. చుట్టూ జేనెడు మేర పాలు ఒలికినట్టు తెల్లగా మెరుస్తుంటే రేణువులు బాగా ఉన్నట్టు. గాలి అణువులు నీలికాంతిని అన్ని వైపులకూ చిమ్ముతాయి. వాటికన్నా ఎన్నో రెట్లు పెద్దవైన ధూళి రేణువులు అన్ని రంగులనూ ఎక్కువగా ముందువైపే నెడతాయి. ఆ తెల్లటి వలయం అందుకే. సూర్యుణ్ని మాత్రం నేరుగా చూడకండి. నల్లద్దాలు పెట్టుకున్నా, పొగ పట్టిన గాజు అడ్డం పెట్టుకున్నా వద్దు. ఈ వ్యాసంలో ఏ పనికీ సూర్యుణ్ని చూడాల్సిన అవసరం రాదు.

పనిముట్టు తయారీ

దీని గుండెకాయ ఒక మామూలు ఎల్‌ఈడీ. కరెంటు ఇస్తే వెలుగు ఇచ్చే ఎల్‌ఈడీ, వెలుగు పడితే కొద్దిగా కరెంటు ఇస్తుంది. అదీ తనకు నచ్చిన రంగు పట్టీకే స్పందిస్తుంది, అంటే ఖరీదైన రంగు ఫిల్టరు కొనే పని లేదు. అమెరికాకు చెందిన ఫారెస్ట్ మిమ్స్ ఈ కిటుకుతో సూర్యకాంతి కొలిచే పరికరం చేసి 1992లో శాస్త్ర పత్రికలో ప్రచురించారు. ఆయన విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివినవారు కాదు. తర్వాత బడిపిల్లల చేత కొలతలు తీయించే అంతర్జాతీయ కార్యక్రమాలకు ఇదే నమూనా అయింది.

ఎల్‌ఈడీ తాను వెలిగే రంగుకన్నా కొంచెం తక్కువ తరంగదైర్ఘ్యం దగ్గర స్పందిస్తుంది. పాత రకం ఆకుపచ్చ ఎల్‌ఈడీ, అంటే కాస్త పసుపు కలిసినట్టు మందంగా వెలిగేది, సుమారు 525 నానోమీటర్ల దగ్గర పనిచేస్తుంది. మనకు కావలసింది అదే. ఇప్పుడు దుకాణాల్లో కళ్లు జిగేలుమనిపించే ఆకుపచ్చ రకం ఎక్కువగా దొరుకుతుంది. అది వద్దు, దాని స్పందన నీలం వైపు జరిగిపోయి ఉంటుంది. ‘పాత స్టీరియోల్లో ఉండేది’ అని అడగండి, దుకాణదారుకు తెలుస్తుంది. టీవీ రిమోట్‌లో ఉండే పరారుణ ఎల్‌ఈడీ కూడా ఉచితంగా దొరుకుతుంది కదా అని వాడకండి. 940 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతిని నీటి ఆవిరి మింగుతుంది, మీరు ధూళి బదులు తేమను కొలుస్తూ కూర్చుంటారు.

ఎల్‌ఈడీ నెత్తిన ఉండే గుండ్రటి బుడిపె ఒక కటకం. దాన్ని ఆకురాయితో చదునుగా అరగదీసి, సన్నటి ఉప్పుకాగితంతో నున్న చేయండి. లేకపోతే గొట్టం ఏమాత్రం కదిలినా రీడింగు గంతులు వేస్తుంది.

వైరింగుకు వాడే పీవీసీ గొట్టం 15 సెంటీమీటర్లు కోయండి. ఒక చివర ఎల్‌ఈడీ, రెండో చివర మూత, ఆ మూత నడిమధ్య 5 మిల్లీమీటర్ల రంధ్రం. ఇలా చేస్తే గొట్టానికి కనిపించేది రెండు డిగ్రీల ఆకాశం. సూర్యబింబం అర డిగ్రీ కాబట్టి గురిపెట్టడం కష్టం కాదు, పక్క ఆకాశపు వెలుగు కూడా పెద్దగా చొరబడదు. గొట్టం లోపల మెరుపు లేని నల్లరంగు వేయండి. నేను మొదట ఇంట్లో మిగిలిన గేటు పెయింటు వేశాను. నిగనిగలాడే నలుపు. గొట్టాన్ని కాస్త వాల్చినప్పుడు సూర్యుడు తప్పిపోయినా రీడింగు పడిపోలేదు, లోపలి గోడ అద్దంలా పనిచేసింది. రెండు వారాల కొలతలు చెత్తబుట్టలో పడ్డాయి.

ఎల్‌ఈడీ ఇచ్చే కరెంటు మైక్రోఆంపియర్లలో ఉంటుంది. దాన్ని వోల్టేజిగా మార్చడానికి ఒక ఆప్ ఆంప్ ఐసీ (చిన్న సంకేతాన్ని పెంచే చిప్పు), 9 వోల్టుల బ్యాటరీ, 10 లక్షల ఓముల రెసిస్టరు కావాలి. సీఏ 3140 లాంటి ఐసీ సున్నా వోల్టు దాకా దిగుతుంది, కాబట్టి ఒకే బ్యాటరీతో నడుస్తుంది. ఎల్‌ఈడీ పొట్టి కాలు ఐసీ ఇన్వర్టింగ్ (మైనస్ గుర్తు) ఇన్‌పుట్‌కు, పొడుగు కాలు గ్రౌండుకు, అంటే బ్యాటరీ మైనస్‌కు. నాన్ ఇన్వర్టింగ్ ఇన్‌పుట్ కూడా గ్రౌండుకే. రెసిస్టరు అవుట్‌పుట్‌కూ ఇన్వర్టింగ్ ఇన్‌పుట్‌కూ మధ్య. ఇప్పుడు అవుట్‌పుట్‌కూ గ్రౌండుకూ మధ్య మల్టీమీటరు పెడితే ఒక మైక్రోఆంపియరుకు ఒక వోల్టు వస్తుంది. మీ ఎల్‌ఈడీ మరీ చురుకుదై అవుట్‌పుట్ బ్యాటరీ వోల్టేజికి దగ్గరగా వెళ్లి అతుక్కుపోతే రెసిస్టరు విలువ తగ్గించండి.

గొట్టం, ఐసీ, బ్యాటరీ అన్నీ ఒక చిన్న పెట్టెలో బిగించి, గొట్టానికి సమాంతరంగా ఆ పెట్టె పక్కన రెండు చిన్న రేకు ముక్కలు నిలబెట్టండి. ముందు రేకుకు సన్న రంధ్రం, వెనక రేకు మీద పెన్నుతో చుక్క. రంధ్రంలోంచి వచ్చిన ఎండ చుక్క ఆ పెన్ను చుక్క మీద పడితే గొట్టం సూర్యుడి వైపు ఉన్నట్టే. మీ కళ్లు రేకు వైపు ఉంటాయి, సూర్యుడు మీ వెనక ఉంటాడు.

కొలత

ముందు గొట్టం రంధ్రం వేలితో మూసి రీడింగు రాయండి. అది చీకటి వోల్టేజి. ప్రతి కొలతలోంచీ దాన్ని తీసివేయాలి. తర్వాత గురిపెట్టి, పెట్టెను అతి మెల్లగా అటూ ఇటూ కదుపుతూ అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన విలువ పట్టుకోండి. నిమిషంలోపే అయిదుసార్లు తీసి, వాటిలో ఎక్కువ వచ్చిన మూడింటి సగటు రాయండి. సూర్యుడి దగ్గరలో మబ్బు ఉంటే ఆ కొలత అనవసరం. దూదిపింజ మబ్బులు పెద్ద బెడద కాదు, అవి కనిపిస్తాయి. పైన ఎక్కడో గుర్రపు తోకలా సన్నగా పరుచుకునే మంచు స్ఫటికాల మబ్బు మోసం చేస్తుంది. అనుమానం వస్తే రాయకండి.

పెట్టెను ఎండలో వదిలేయకండి. రోహిణీ కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు, ఎల్‌ఈడీ ఏపాటిది? వేడెక్కితే దాని స్పందన మారుతుంది. నీడలో ఉంచి, కొలతకు మాత్రమే బయటికి తీసి, మళ్లీ లోపల పెట్టండి. వేసవిలో నేను తడిగుడ్డ చుట్టిన డబ్బాలో పెట్టేవాణ్ని.

ప్రతి కొలతతోపాటు సూర్యకాంతి ఎంత గాలిని దాటి వచ్చిందో కూడా కావాలి. దీన్ని గాలి మందం అందాం. నడినెత్తిన ఉన్నప్పుడు 1. వాలుతున్నకొద్దీ పెరుగుతుంది. ఫోను యాప్‌లు సూర్యుడి ఎత్తు చెబుతాయి కానీ, మీటరు కర్ర ఒకటి నిటారుగా నిలబెట్టి నీడ కొలవడం నాకు ఇష్టం. నీడ పొడవును కర్ర పొడవుతో భాగించండి, వచ్చినదాన్ని వర్గం చేయండి, ఒకటి కలపండి, వర్గమూలం తీయండి. మీటరు కర్రకు 75 సెంటీమీటర్ల నీడ పడితే 0.75 వర్గం 0.5625, ఒకటి కలిపితే 1.5625, వర్గమూలం 1.25. అదే గాలి మందం. నీడ 173 సెంటీమీటర్లయితే 2. తిరుపతిలో ఏప్రిల్ చివరి వారంలోనూ, ఆగస్టు మధ్యలోనూ మధ్యాహ్నం కర్రకు నీడే ఉండదు. ఆ రోజుల్లో లెక్క భలే సులువు.

మూల వోల్టేజి: ఓపిక కావలసింది ఇక్కడే

కాంతి ఎంత తగ్గిందో తెలియాలంటే ముందు అసలు ఎంత ఉండేదో తెలియాలి కదా. గాలి అనేదే లేకపోతే మీ పెట్టె ఎన్ని వోల్టులు చూపించేది? దాన్ని మూల వోల్టేజి అందాం. పెట్టెను అంతరిక్షంలోకి పంపలేం. నూరేళ్ల కిందటే అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు సామ్యూల్ లాంగ్లీ ఇంకో దారి చూపించారు. ఒకే ఉదయం సూర్యుడు పైకి ఎక్కుతుండగా గాలి మందం 6 నుంచి 2 దాకా దిగుతుంది. ఆ పొడవునా పది నిమిషాలకోసారి కొలవండి. వోల్టేజికి సహజ లాగరిథమ్ (కాలిక్యులేటరులో ln మీట) తీసి నిలువు గీత మీద, గాలి మందాన్ని అడ్డ గీత మీద గుర్తించండి. ఆ ఉదయమంతా గాలి మారకపోతే చుక్కలన్నీ ఒకే సరళరేఖ మీద పడతాయి. ఆ రేఖను గాలి మందం సున్నా దాకా వెనక్కి పొడిగిస్తే అక్కడ వచ్చేదే మూల వోల్టేజి లాగరిథమ్.

ఉదాహరణకు గాలి మందం 6 దగ్గర 0.40 వోల్టులు, 4 దగ్గర 0.72, 2 దగ్గర 1.32 వచ్చాయనుకోండి. వాటి లాగరిథమ్‌లు వరుసగా మైనస్ 0.92, మైనస్ 0.33, ప్లస్ 0.28. గాలి మందం ఒక్కో మెట్టు తగ్గినప్పుడు 0.30 చొప్పున పెరుగుతోంది. 2 నుంచి సున్నాకు ఇంకో రెండు మెట్లు, అంటే 0.28కి 0.60 కలిపితే 0.88. దాని ఘాతం (కాలిక్యులేటరులో e^x మీట) 2.4. మూల వోల్టేజి 2.4.

కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో, తిరుపతి మేడ మీద అంత చిరాకు పుట్టిస్తుంది. తెల్లవారుజామున నేలకు అతుక్కుని ఉన్న పొగ పొర ఎనిమిది గంటలకల్లా వేడికి పైకి లేస్తుంది, రోడ్ల మీద బండ్లు మొదలవుతాయి, తేమ తగ్గి రేణువులు కుంచించుకుపోతాయి. గాలి మారకూడదన్న షరతు మొదటి గంటలోనే మట్టిగొట్టుకుపోతుంది. ఇంకా చిక్కేమిటంటే, ధూళి ఒక పద్ధతి ప్రకారం మెల్లగా పెరిగినా తగ్గినా చుక్కలు చక్కగా సరళరేఖ మీదే పడతాయి, మూల వోల్టేజి మాత్రం తప్పు వస్తుంది. గీత తిన్నగా ఉంది కదా అని నమ్మడానికి లేదు.

అందుకే ఎత్తయిన చోటికి వెళ్లాలి. ప్రపంచంలో ఈ రంగంలో పేరున్న పరికరాల మాతృకలను హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద, సుమారు 3,400 మీటర్ల ఎత్తున, ఇదే పద్ధతిలో సరిచూస్తూ వచ్చారు. మనకు అంత కొండ లేదు. తిరుమల దగ్గరే గానీ, అలిపిరి తనిఖీలో బ్యాటరీ, తీగలు, నల్ల గొట్టం ఉన్న పెట్టెను చూపించి ‘ఇది ఎండను కొలిచేదండీ’ అని వివరించే ధైర్యం నాకైతే లేదు. ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్లకు హార్సిలీ హిల్స్ ఉంది, 1,200 మీటర్లు పైచిలుకు. మదనపల్లె మీదుగా ముందురోజు సాయంత్రమే చేరి రాత్రి బస చేయండి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో, తూర్పు ఆకాశం అడ్డులేకుండా కనిపించే చోట, ఏడు గంటలకల్లా కర్ర నిలబెట్టి సిద్ధంగా ఉండాలి. సూర్యుడు పది డిగ్రీల నుంచి ముప్పై డిగ్రీలకు ఎక్కడానికి దాదాపు గంటన్నర పడుతుంది. టీ తాగడానికి కూడా సరిగ్గా తీరదు.

ఒక్క ఉదయంతో తృప్తిపడకండి. నాలుగైదు ఉదయాల విలువలు తీసి, ఒకదానికొకటి 5 శాతంలోపు ఉన్నవాటి సగటు తీసుకోండి. మూల వోల్టేజిలో 5 శాతం తప్పు ఉంటే నడినెత్తి సూర్యుడితో తీసిన ఏఓడీలో 0.05 తప్పు వస్తుంది. శుభ్రమైన రోజున మొత్తం ఏఓడీయే 0.1 అయితే సగం అబద్ధమన్నమాట.

ఇంకో సంగతి చాలామంది మరచిపోతారు. భూమి జనవరి మొదటి వారంలో సూర్యుడికి దగ్గరగా, జులై మొదటి వారంలో దూరంగా ఉంటుంది. రెంటికీ మధ్య సూర్యకాంతిలో దాదాపు 7 శాతం తేడా. జనవరిలో రాబట్టిన మూల వోల్టేజిని జులైలో యథాతథంగా వాడితే, లేని ధూళి 0.07 దాకా మీ లెక్కలో వచ్చి కూర్చుంటుంది. జనవరి విలువను 3.4 శాతం తగ్గించి సగటు విలువగా రాసిపెట్టుకోండి, ఆ తర్వాత నెలను బట్టి పెంచుతూ తగ్గిస్తూ వాడండి.

లెక్క

ఇక్కడ సులువు. మూల వోల్టేజి 2.4. ఈరోజు నీడ 75 సెంటీమీటర్లు, గాలి మందం 1.25. చీకటి వోల్టేజి తీసేశాక రీడింగు 1.20. మూల వోల్టేజిని రీడింగుతో భాగిస్తే 2. దాని సహజ లాగరిథమ్ 0.693. గాలి మందంతో భాగిస్తే 0.555. ఇది మొత్తం మసక. ఇందులో గాలి అణువుల వాటా ఉంది. 525 నానోమీటర్ల దగ్గర, తిరుపతి ఎత్తులో అది 0.115. ఓజోను వాటా సుమారు 0.015. రెండూ తీసేస్తే 0.425. అదీ ఏఓడీ.

రెండో రంగు

ఇంకో గొట్టంలో ఎర్ర ఎల్‌ఈడీ పెడితే, అది 625 నానోమీటర్ల చుట్టుపక్కల కొలుస్తుందనుకోండి, రేణువులు సన్నవా ముతకవా అన్నది తెలుస్తుంది. పొగ, సల్ఫేటు లాంటి సన్న రేణువులు ఎరుపుకన్నా ఆకుపచ్చను బాగా ఎక్కువగా అడ్డుకుంటాయి. ఎడారి ధూళి, సముద్రపు ఉప్పు రెండు రంగులనూ దాదాపు ఒకేలా అడ్డుకుంటాయి. ఈ తేడాను స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆంగ్‌స్ట్రామ్ 1929లో ఒక ఘాతాంకంగా రాశారు. సున్నా దగ్గరుంటే ముతక, ఒకటిన్నర దాటితే సన్నం.

ఎరుపులో అన్నీ తీసేశాక 0.343 వచ్చిందనుకుందాం. 0.425ని 0.343తో భాగించి లాగరిథమ్ తీస్తే 0.214. 625ని 525తో భాగించి లాగరిథమ్ తీస్తే 0.174. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.2. మిశ్రమ గాలి అన్నమాట. సంబరపడకముందు ఎరుపు అంకెను 0.02 అటూ ఇటూ మార్చి చూడండి: ఘాతాంకం 0.9 నుంచి 1.6 దాకా ఊగుతుంది. రెండు రంగులూ మరీ పక్కపక్కనే ఉండటమే కారణం. కాబట్టి ఒక్కరోజు ఘాతాంకాన్ని పట్టుకుని ‘ఇది పొగే’ అని తీర్పు చెప్పకండి. నెల సగటులు పోల్చుకోండి, అవి కాస్త నిలకడగా ఉంటాయి.

ఈ పెట్టె చెప్పలేనివి రెండున్నాయి. ఆగిన కాంతిలో ఎంత పక్కకు చిమ్మి ఆకాశంలోనే ఉంది, ఎంత మింగుడుపడింది అన్నది ఒకటి. సల్ఫేటు, ఉప్పు దాదాపు అంతా చిమ్ముతాయి, గాలిని పెద్దగా వేడెక్కించవు. మసి మింగి వేడెక్కిస్తుంది. ఒకే ఏఓడీ ఉన్న రెండు రోజుల్లో ఒకటి నేలను చల్లబరిచేది, ఇంకోటి గాలి పొరను మరిగించేది కావచ్చు. రెండోది ఎత్తు. ఆ ధూళి మీ ముక్కు దగ్గర ఉందా, మూడు కిలోమీటర్ల పైన ఉందా అన్నది సూర్యకిరణం చెప్పదు. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి ఉంది కదా, అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన సంస్థ ఆ పనే చేస్తుంది. జపాన్ సహకారంతో 1998లో పెట్టిన లైడార్ 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజరును ఆకాశంలోకి వదులుతుంది. రేణువుల మీద పడి తిరిగివచ్చే వెలుగు ఎంతసేపటికి వచ్చిందో చూసి ఏ ఎత్తులో ఎంత ఉందో గీస్తుంది. మన పక్కూళ్లోనే ఇలాంటిది ఉందని తిరుపతిలో చాలామందికి తెలియదు.

ఉపగ్రహంతో పోల్చడం

నాసా వారి వరల్డ్‌వ్యూ వెబ్‌సైటులో మీ రోజు తేదీ పెట్టి, మోడిస్ ఏఓడీ పొర ఎంచుకోండి. మోడిస్ అంటే టెర్రా, ఆక్వా అనే రెండు ఉపగ్రహాల మీద ఉన్న కెమెరా లాంటి పరికరం. తిరుపతి 13.6 ఉత్తర అక్షాంశం, 79.4 తూర్పు రేఖాంశం. 1999 డిసెంబరులో ఎగిరిన టెర్రా ఉదయం పదిన్నర ప్రాంతంలో, 2002 మేలో ఎగిరిన ఆక్వా మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో దాటేలా పంపినవి. వయసు మీదపడి ఈమధ్య వాటి వేళలు జరిగాయి, కాబట్టి దాటిన సమయం చూసుకుని దానికి దగ్గరి కొలతనే పోల్చండి. ఉపగ్రహం అంకె 550 నానోమీటర్లకు ఉంటుంది. మీ 0.425ని ఘాతాంకం 1.2తో అక్కడికి మారిస్తే 0.40.

రెండూ ఒకటే రావాలని ఆశించకండి. నేల మీద మోడిస్ అంకెకు 0.05తోపాటు విలువలో 15 శాతం అటూ ఇటూ పొరపాటు మామూలే. అంటే 0.40కి 0.11. ఉపగ్రహం 0.30 అన్నా 0.50 అన్నా మీతో ఏకీభవించినట్టే. పైగా దాని గడి పది కిలోమీటర్లు. అందులో మీ మేడ ఉంది, కొండ మీది అడవి ఉంది, స్వర్ణముఖి ఎండిన ఇసుక కూడా ఉంది. మెరిసే ఇసుకను ధూళి నుంచి వేరుచేయడం పైనుంచి చూసేవాడికి కష్టం. నెలల తరబడి మీ అంకె ఒకే వైపుకు తేడాగా ఉంటే మాత్రం అనుమానించాల్సింది ఉపగ్రహాన్ని కాదు, మీ మూల వోల్టేజిని.

అదే పటాన్ని వెనక్కి జరిపి భూగోళమంతా చూడండి. ఉత్తర ఆఫ్రికా మీద ముదురు పట్టీ కనిపిస్తుంది, అది సహారా. చాద్ దేశంలోని బొడెలె పల్లం, ఒకప్పటి చెరువు అడుగు, ఆ ధూళికి పెద్ద పుట్టిల్లు. అక్కడ లేచిన దుమ్ము అట్లాంటిక్ దాటి అమెజాన్ అడవుల దాకా వెళ్తుంది. జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మధ్య ఆఫ్రికా దక్షిణ భాగంలో పొలాలు, గడ్డి తగలబెట్టిన పొగ. ఏడాదిలో ఎక్కువ కాలం గంగా మైదానం మీద, తూర్పు చైనా మీద మందపాటి మసక. దక్షిణ పసిఫిక్ మధ్యలో 0.1 కూడా ఉండదు. రేణువులు గాలిలో ఉండేది సుమారు వారం, ఆలోపు వాన కడిగేస్తుంది. అందుకే పుట్టినచోటి చుట్టుపక్కలే చిక్కగా కనిపిస్తాయి. వానకు అందని స్ట్రాటోస్ఫియర్‌లోకి ఎక్కితే కథ వేరు. 1991 జూన్‌లో పినటుబో అగ్నిపర్వతం కోటిన్నర టన్నులకు పైగా సల్ఫర్ డయాక్సైడును అక్కడికి పంపింది, అది ప్రపంచమంతా పరుచుకుని భూమి సగటు ఉష్ణోగ్రతను సుమారు అర డిగ్రీ తగ్గించింది.

ఏడాది పొడవునా

రోజుకొక కొలత, ఒకే వేళ. నోటుపుస్తకంలో తేదీ, సమయం, నీడ, వోల్టేజి, ఏఓడీ, గాలి దిక్కు, ఏ కొండ దాకా కనిపించింది అన్నవి ఉంటే చాలు. జనవరి నుంచి మార్చి దాకా ఈశాన్యం గాలి బంగాళాఖాతం మీదుగా ఉత్తరాది పొగను కిందికి తెస్తుంది. 1999లో భారత్‌తో సహా చాలా దేశాల శాస్త్రజ్ఞులు హిందూ మహాసముద్రం మీద ఆ గోధుమరంగు మసకను ఓడలతో, విమానాలతో వెంటాడి కొలిచారు. జూన్ తర్వాత పడమటి గాలి అరేబియా వైపు నుంచి ముతక ధూళిని, ఉప్పును తేగలదు. అప్పుడు ఘాతాంకం తగ్గుతుందేమో చూడండి. ఆ నెలల్లో మబ్బుల వల్ల వారానికి రెండు కొలతలు దొరికినా అదృష్టమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలు. వాన పడ్డ మర్నాటి ఉదయం కొలత తప్పకుండా తీయండి, ఏడాదిలో అతి చిన్న అంకెలు అక్కడే దొరుకుతాయి.

భోగి నాడు ఒక ప్రయోగం చేయండి. తెల్లవారకముందే వీధి వీధినా మంటలు. ఏడు గంటలకు కళ్లు మండుతాయి, దగ్గొస్తుంది, ఎదురింటి గేటు కనిపించదు. తొమ్మిదింటికి ఏఓడీ తీసి ముందురోజు అంకె పక్కన పెట్టండి. ముక్కుకు తెలిసినంత తేడా అంకెలో కనిపించకపోవచ్చు. ఆ పొగ అంతా చలికి నేలకు అతుక్కున్న సన్నటి పొరలో ఉంది, మీ పెట్టె చూసేది నేల నుంచి ఆకాశం చివరి దాకా. మే నెలలో ఇది తిరగబడుతుంది: వేడికి పొర కిలోమీటర్ల ఎత్తుకు లేచి ధూళి పలచబడుతుంది, పీల్చే గాలి తేలికగానే ఉంటుంది, కొండ మాత్రం మసక. ఆరోగ్యం కోసం కొలిచేవారికి నేల దగ్గరి పీఎం 2.5 (2.5 మైక్రోమీటర్లకు మించని సన్నటి రేణువులు) కొలిచే మీటరు వేరే కావాలి.

భోగి మర్నాడు కొలతకు ముందు గొట్టం విప్పి ఎల్‌ఈడీ నెత్తిని పొడి దూదితో ఒకసారి తుడవండి. మసి అక్కడ కూడా వాలి ఉంటుంది.